చవక పికప్ కొనేదెవరు?

(మిషిగన్‌లో మన తెలుగువాళ్ల శనివారం కూడికలో ఒక ఆటోమొబైల్ ఇంజినీరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

వెనక కుర్చీల్లో వాళ్లకి వినపడుతోందా? సరే, మైకు సంగతి వదిలేద్దాం, గట్టిగానే మాట్లాడతాను.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది కార్ల కంపెనీల్లోనో, వాటికి విడిభాగాలిచ్చే కంపెనీల్లోనో పనిచేసేవాళ్లే. కాబట్టి లెక్క ఎక్కడైనా తేడాగా అనిపిస్తే మధ్యలోనే ఆపండి, మొహమాటం అక్కర్లేదు.

ఈ దేశంలో ట్రక్కుల మాట వస్తే చాలు, ఎవరైనా ఒకటే పాట. ట్రక్కంటే ఇక్కడ మన లారీ కాదు, వెనక సామాను వేసుకునే తెరిచిన తొట్టి, అంటే బెడ్, ఉన్న పికప్ బండి. చిన్న ట్రక్కు ఉంటే బాగుండు. రెండు తలుపులు చాలు, చేత్తో తిప్పుకునే అద్దాలు చాలు, పెట్రోలు తక్కువ తాగాలి, ఇరవై వేల డాలర్లకి రావాలి. మా పక్కింటాయన అంటాడు, మా ఆఫీసులో అంటారు, మీరూ అనే ఉంటారు. మరి అందరికీ అదే కావాలంటే షోరూములో ఎందుకు లేదు? కంపెనీలకి డబ్బు చేదా?

దీనికి రెండు జవాబులు వినపడుతుంటాయి. ఒకటి, కంపెనీలన్నీ కూడబలుక్కుని చిన్న బండిని చంపేశాయి అని. రెండోది మా ఆఫీసు జవాబు, మీటింగుల్లో ఇదే వినపడుతుంది: జనం నోటితో అడిగేది ఒకటి, చెక్కు రాసేది ఇంకోదానికి. నన్నడిగితే రెండూ సగం సగం నిజం. నా మాట ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు తిట్టొచ్చు. జనానికి కావలసింది చవక బండి. సౌకర్యాలన్నీ పీకేసిన బోసి బండి కాదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే ఇంత గందరగోళం.

చిన్న బండి లేకపోవడానికి కారణాలు మూడు. మొదటిది సుంకం, దానికి ముందు కోడి కథ చెప్పుకోవాలి. తెలిసినవాళ్లు కాసేపు ఓపిక పట్టండి.

1960ల మొదట్లో అమెరికా నుంచి ఫ్రోజెన్ కోడిమాంసం యూరప్‌కి విపరీతంగా వెళ్లేది. చాలా చవక. అక్కడి రైతులు గగ్గోలు పెడితే ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీలాంటి దేశాలు దాని మీద సుంకం పెంచేశాయి. దానికి బదులుగా 1963 డిసెంబరులో ప్రెసిడెంట్ జాన్సన్ ఒక ప్రకటన మీద సంతకం పెట్టాడు: బంగాళదుంప స్టార్చి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, చిన్న ట్రక్కులు, ఈ నాలుగింటి మీద 25 శాతం. కోడికీ ట్రక్కుకీ ఏంటండీ సంబంధం? ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల వ్యాను ఇక్కడ బాగా అమ్ముడవుతోంది, అదీ సంబంధం. స్టార్చి, బ్రాందీ మీద సుంకాలు తర్వాత పోయాయి. ట్రక్కు మీద మాత్రం అరవై ఏళ్లు దాటినా అలాగే ఉండిపోయింది.

దీన్ని తప్పించుకోవడానికి కంపెనీలు వేసిన వేషాలు చూస్తే నవ్వొస్తుంది. జపాన్ నుంచి వెనక బెడ్ లేకుండా, ఇంజను, క్యాబిను ఉన్న ఛాసిస్‌ని మాత్రం దింపి, రేవు దిగాక ఇక్కడ బెడ్ బిగించేవాళ్లు, ఎందుకంటే ఛాసిస్ మీద సుంకం నాలుగు శాతమే. 1980లో ఆ దారి మూసేశారు. సుబారు వాళ్లు బ్రాట్ అనే బుల్లి పికప్ తెచ్చి, బెడ్‌లో వెనక్కి తిరిగి కూర్చునేలా రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ఇది ట్రక్కు కాదండీ, మనుషులు కూర్చునే కారు అన్నారు. ఆ సీట్లలో కూర్చుని హైవే మీద వెళ్లడం ఊహించుకోండి! అయినా జనం కొన్నారు, ప్రెసిడెంట్ రీగన్ రాంచ్‌లో కూడా ఒకటి ఉండేది. ఆ తర్వాత ఫోర్డ్ టర్కీ నుంచి సరుకు రవాణా వ్యాన్లని వెనక సీట్లతో దింపి, దిగాక ఆ సీట్లు పీకేసేది. ఆ కేసు ఏళ్ల తరబడి నడిచి, 2024లో 365 మిలియన్ డాలర్లు కట్టి సర్దుబాటు చేసుకుంది.

అయితే చిన్న ట్రక్కులన్నిటినీ ఈ సుంకమే చంపిందంటే నేనొప్పుకోను. ఎందుకంటే అది ఉండగానే చిన్న ట్రక్కులు ఇక్కడ రాజ్యమేలాయి. జపాన్ డాట్సన్ పికప్ 1959లోనే వచ్చింది. 1972లో ఫోర్డ్ మాజ్డా చేత కొరియర్ అనే పికప్‌నీ, షెవ్రొలే ఇసుజు చేత లవ్ అనే పికప్‌నీ చేయించి తమ పేర్లతో అమ్మాయి. 1973, 1979 పెట్రోలు సంక్షోభాల్లో బంకు ముందు గంటలు నిలబడ్డ జనానికి ఆ నాలుగు సిలిండర్ల బండ్లు దేవుడిచ్చినట్టు దొరికాయి. తర్వాత డెట్రాయిట్, అంటే ఇక్కడి కంపెనీలు, సొంతంగా షెవ్రొలే ఎస్-10, ఫోర్డ్ రేంజర్ తెచ్చాయి. నిస్సాన్ 1983లో టెనెస్సీలోని స్మిర్నాలో ఫ్యాక్టరీ తెరిచి మొదట చేసింది పికప్‌నే. ఇక్కడే తయారుచేస్తే సుంకం లేదు కదా.

మరి సుంకం చేసిన చెడు ఏమిటి? కొత్తవాడికి శాంపిల్ అమ్మే దారి లేకుండా చేసింది. ఏడాదికి ముప్ఫై వేల బండ్లు అమ్ముడవుతాయేమో చూద్దాం అనుకున్న కంపెనీ దానికోసం ఇక్కడ ఫ్యాక్టరీ కట్టలేదు. ఎక్కడో తయారవుతున్న బండిని తెచ్చి అమ్మి చూడాలి, నడిస్తే అప్పుడు ఫ్యాక్టరీ. పాతిక శాతం సుంకం కడితే చవక బండి చవకగా ఉండదు. ఖరీదైన బండైతే తట్టుకుంటుందేమో, చవక బండికి ఆ పాతిక శాతమే ప్రాణాంతకం.

ఇక రెండోది, బండి సైజు లెక్క. ప్రభుత్వం మైలేజీ టార్గెట్ పెడుతుంది కదా, ఆ టార్గెట్‌ని బండి పరుచుకున్న చోటుకి ముడిపెట్టారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఇంటూ ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం. ట్రక్కులకి ఈ పద్ధతి 2008 మోడళ్ల నుంచి మొదలై, 2012 మోడళ్ల నుంచి గట్టిగా పట్టుకుంది. చిన్న బండికి పెద్ద టార్గెట్, పెద్ద బండికి చిన్న టార్గెట్. చదువుకోడానికి న్యాయంగానే ఉంది, పెద్ద బండి నుంచి చిన్న బండి మైలేజీ అడగలేం కదా. కానీ డిజైను గదిలో కూర్చున్నవాడికి అది ఎలా వినపడుతుంది? చిన్న పికప్ చేసి మైలేజీ కోసం చచ్చేబదులు చక్రాలు కాస్త దూరం జరుపు, టార్గెట్ దానంతటదే తగ్గుతుంది అని వినపడుతుంది. మరి ఆయన మాత్రం ఏం చేస్తాడు? జరిపాడు. (ఎవరో "ఇప్పుడు ఫైన్ తీసేశారుగా" అంటున్నారు.) అవును, 2025 జులైలో వచ్చిన చట్టంతో ఆ టార్గెట్ తప్పితే వేసే జరిమానా సున్నా చేశారు. కానీ కొత్త ప్లాట్‌ఫామ్, అంటే బండికి అడుగు డిజైను, చేయాలంటే నాలుగైదేళ్లు, ఈలోగా మళ్లీ ప్రభుత్వం మారి జరిమానా తిరిగొస్తే? ఆ టెన్షన్‌తో ఎవరూ చిన్న ట్రక్కు మీద డబ్బు పెట్టరు.

మూడోది లాభం, నా ఉద్దేశంలో అసలుది ఇదే. చిన్న ట్రక్కుకీ పెద్ద ట్రక్కుకీ తయారీ ఖర్చులో తేడా మనం అనుకున్నంత ఉండదు. ఎయిర్‌బ్యాగులు రెండిటికీ అవే. క్రాష్ టెస్టులు అవే. స్టీరింగు, వైరింగు, కంప్యూటర్లు, అసెంబ్లీ లైను మీద మనిషి కూలి, అన్నీ దగ్గరదగ్గరే. పెద్దదానికి ఎక్కువ పడేది ప్రధానంగా లోహం. లోహం ఖరీదెంతండీ? కానీ అమ్మే ధర రెండింతలు. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచి ఈ దేశంలో ఎక్కువ అమ్ముడవుతున్న ట్రక్కు, కంపెనీ ఇల్లు గడిచేదే దాని మీద. మీరే ఆ కంపెనీ నడుపుతుంటే ఒక ఫ్యాక్టరీలో ఏది చేయిస్తారు?

2011 డిసెంబరులో మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో పాత రేంజర్ ప్లాంటు మూసేశారు. ఆ బండి ఎలాంటిదో గుర్తుందా? నాలుగు సిలిండర్ల 2.3 లీటర్ల ఇంజను, ఐదు గేర్ల మాన్యువల్, గ్యాలన్‌కి ఊళ్లో 22 మైళ్లు, హైవే మీద 27. ధర 18 వేల డాలర్ల చిల్లర నుంచి. డిజైను పాతబడిపోయింది, కంపెనీ ఏళ్ల తరబడి దాన్ని పట్టించుకోలేదు, అమ్మకాలు పడిపోయాయి. పట్టించుకోని బండి అమ్మకాలు పడిపోతే దానర్థం జనానికి అక్కర్లేదని తీసేశారు. నాకిప్పటికీ అది మింగుడు పడదు.

ఆ తర్వాత పదేళ్లు ఈ దేశంలో నిజమైన చిన్న పికప్ లేదు. టయోటా టకోమాలు, షెవ్రొలే కొలరాడోలు ఉన్నాయి, కానీ అవీ పెరుగుతూ పోయి ఒకప్పటి పెద్ద ట్రక్కుల సైజుకి వచ్చేశాయి. ఈలోగా జనం ఏం చేశారు? పాత బండ్లు పట్టుకు కూర్చున్నారు. ఇక్కడ మిషిగన్‌లో శీతాకాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి అడుగు ఫ్రేమంతా తుప్పు పడుతుంది కదా, పాత ట్రక్కు కొనేవాడు సుత్తి పట్టుకుని కిందికి దూరి ఫ్రేము మీద కొట్టి చూస్తాడు. ఖంగుమంటే సరే, మొద్దుగా మోగితే లేచి దులుపుకుని వెళ్లిపోతాడు. అలాంటి బండ్లకి కూడా బేరాలు! ఇంకొందరు జపాన్ నుంచి కేయ్ ట్రక్కులు తెప్పించుకున్నారు. 660 సీసీ ఇంజను, మూడున్నర మీటర్ల పొడవు కూడా ఉండదు, 350 కిలోల బరువు మోస్తుంది. 25 ఏళ్లు దాటిన బండైతేనే దిగుమతికి ఒప్పుకుంటారు. అంటే పాతికేళ్ల పాత బండిని, స్టీరింగు కుడివైపు ఉన్నదాన్ని సముద్రం దాటించి తెచ్చుకుంటున్నారు. పైగా కొన్ని రాష్ట్రాలు రిజిస్ట్రేషన్ ఇవ్వమన్నాయి, టెక్సాస్‌లో యజమానులు పోరాడి 2024లో సాధించుకున్నారు. ఇంత తాపత్రయం చూశాక కూడా గిరాకీ లేదని ఎలా అంటాం?

2021 జూన్‌లో ఫోర్డ్ నుంచి మావెరిక్ అనే చిన్న పికప్ వచ్చింది. దీని దగ్గర కాసేపు ఆగుదాం.

ధర 19,995 డాలర్లు, డెలివరీ ఛార్జీ కాకుండా. మామూలు మోడల్లోనే హైబ్రిడ్ ఇంజను. ఊళ్లో 42 మైళ్లు, మొత్తం మీద 37. పికప్‌కి 37! ఏడాదికి 15 వేల మైళ్లు తిరిగేవాడి లెక్క వేయండి. గ్యాలన్‌కి 20 ఇచ్చే పెద్ద ట్రక్కైతే 750 గ్యాలన్లు, దీనికి 405 చాలు. గ్యాలన్ మూడు డాలర్లే అనుకున్నా ఏడాదికి వెయ్యి డాలర్ల పైన మిగులు. 1,500 పౌండ్లు మోస్తుంది, బెడ్ నాలుగున్నర అడుగులు. మెక్సికోలోని ఎర్మోసియోలో చేస్తారు, ఆ దేశంతో వాణిజ్య ఒప్పందం ఉంది కాబట్టి కోడి సుంకం లేదు.

ఆ బెడ్ ఎవరైనా దగ్గరగా చూశారా? పక్క గోడల్లో రేకు నొక్కేటప్పుడే గాళ్లు పెట్టారు. అందులో టూ-బై-ఫోర్ చెక్కలు, టూ-బై-సిక్స్ చెక్కలు దింపితే అరలు తయారవుతాయి, కొనాల్సింది హోమ్ డిపోలాంటి సామాన్ల కొట్టులో చెక్క ముక్కలే. మూలల్లో మూత కింద 12 వోల్టుల వైర్లు వదిలేశారు, నీకు కావలసిన లైటు నువ్వే తగిలించుకో అని. ఇది నాకు భలే నచ్చింది. ఖర్చు తగ్గించడమంటే ఏదో ఒకటి పీకేయడమే అనుకుంటాం, వీళ్లు గాడి పెట్టి వదిలేశారు. పీకేయడానికీ వదిలేయడానికీ చాలా తేడా ఉంది.

ఏమైంది? ఆర్డర్లు ముంచెత్తాయి. ఏడాది తిరక్కుండానే, 2022 జనవరిలో, ఆ మోడల్ సంవత్సరానికి ఆర్డర్లు ఇక తీసుకోలేమని ఆపేశారు. కొన్నవాళ్లలో చాలామంది అంతకుముందు ఎప్పుడూ ట్రక్కు కొననివాళ్లు, చిన్న కార్లు ఇచ్చి ఇది తీసుకున్నారు. చూశారా, ఈ కొనుగోలుదారు ఏ ట్రక్కు సర్వేలోనూ ఉండడు. ట్రక్కు యజమానుల్ని పిలిచి మీకేం కావాలి అని అడిగితే ఇంకా పెద్దది కావాలంటారు. హోండా సివిక్‌లాంటి చిన్న కారు నడిపేవాణ్ని ఎవరు పిలిచారు?

ఇంకో లెక్క కూడా ఉంది. 2011 నాటి 18 వేలని ధరల పెరుగుదలతో 2021కి తెస్తే 21, 22 వేలు అవుతుంది. అంటే నాలుగు తలుపులు, హైబ్రిడ్ ఉన్న మావెరిక్ రెండు తలుపుల రేంజర్ కంటే నిజానికి చవకగా వచ్చింది. బోసిగా లేదు, చవకగా ఉంది. నేను మొదట చెప్పిన తేడా ఇదే.

తర్వాత కథ మీకు తెలుసు. డీలర్లు కంపెనీ రాసిన ధర మీద వేలకు వేలు కలిపారు. కంపెనీ ధర పెంచుకుంటూ పోయింది. 2024 మోడల్లో హైబ్రిడ్‌కి అదనంగా కట్టమన్నారు, 2025లో మళ్లీ మామూలు మోడల్లో కలిపారు, అప్పటికి ధర 26 వేలు దాటింది. ఆ ఏడాది మెక్సికో బండ్ల మీద సుంకాలు పడ్డాక ఇంకోసారి పెంచారు. గిరాకీ ఉందని తేలగానే ఆ గిరాకీని పుట్టించిన ధరనే తీసేశారు. వ్యాపారంగా చూస్తే తప్పు పట్టలేను. కొనేవాడిగా చూస్తే ఒళ్లు మండుతుంది.

సరే, బోసి బండి సంగతి. చేత్తో తిప్పే అద్దాలు పెడితే చవక అవుతుందని అందరి నమ్మకం. ఇక్కడ డోర్ ప్యానెళ్ల మీద పనిచేసినవాళ్లు ఉన్నారు, చెప్పండి. నూటికి తొంభై ఐదు బండ్లు పవర్ విండోలతో పోతుంటే, మిగతా ఐదింటికోసం వేరే ప్యానెల్, వేరే పార్టు నంబరు, లైను పక్కన వేరే ర్యాకు, వేరే టెస్టింగు. పెళ్లి భోజనాల్లో పదిమందికి ఉల్లిపాయ లేకుండా కూర వేరే వండినట్టు, ఆ కూరే ఖరీదు. రేడియో స్క్రీను కూడా అంతే. 2018 మే నుంచి వెనక కెమెరా తప్పనిసరి, దానికి ఏదో ఒక తెర ఉండాల్సిందే. తెర ఉన్నాక అందులో పాటలు రాకుండా చేసి మిగిల్చేదేముంది?

బోసితనం నిజంగా కలిసిరావాలంటే ఒకటే దారి, అందరికీ అదే ఇవ్వాలి. 2025 ఏప్రిల్‌లో స్లేట్ అనే కంపెనీ చూపించింది అదే. ఎలక్ట్రిక్ పికప్, రెండు సీట్లు, చేత్తో తిప్పే అద్దాలు, రేడియో లేదు, రంగు కూడా లేదు. ప్లాస్టిక్ ప్యానెళ్లు ఒకే బూడిద రంగులో వస్తాయి, రంగు కావాలంటే పైన స్టిక్కరు చుట్టుకోవడమే. నవ్వకండి, కార్ల ఫ్యాక్టరీలో బాగా ఖరీదైన వాటిలో పెయింట్ షాపు ఒకటి, అది కట్టకపోవడమే వాళ్ల పెద్ద పొదుపు. మామూలు బ్యాటరీతో 150 మైళ్లు వెళ్తుందన్నారు. ప్రభుత్వ రాయితీ 7,500 పోను ఇరవై వేల లోపు అన్నారు. కొద్ది వారాల్లోనే లక్ష దాటి బుకింగులు. అయితే బుకింగుకి కట్టేది 50 డాలర్లు, అదీ అడిగితే తిరిగిచ్చేస్తారు. దాన్ని గిరాకీ అంటామా, ముచ్చట అంటామా? సెప్టెంబరు 30తో ఆ రాయితీ పోయింది, ధర పాతిక వేల డాలర్ల దరిదాపులకి వెళ్లింది. అప్పుడు పక్కనే మావెరిక్ కనిపిస్తుంది, కొంచెం ఎక్కువ పెడితే నాలుగు తలుపులు, రేడియో, పెట్రోలు బంకు ఎక్కడైనా. బోసి బండికి అసలు పరీక్ష అప్పుడే.

మనవైపు ఇలాంటి బండి బాగా నడుస్తుంది, ఎందుకో ఆలోచించారా? టాటా ఏస్, మనవాళ్లు చాలామంది టాటా ఏసీ అంటారు, 2005లో వచ్చింది. రెండు సిలిండర్లు, 700 సీసీ, 16 హార్స్‌పవర్. 2025లో ఏస్ ప్రో వచ్చినప్పుడు ధర 3.99 లక్షల నుంచి, మోసేది 750 కిలోలు. కాగితం మీద 750, మనవాళ్లు ఎంత ఎక్కిస్తారో మీకు చెప్పక్కర్లేదు. అది కొనేవాడు ట్రాలీ ఆటో నడిపి నడిపి, ఫైనాన్స్ తీసుకుని మొదటిసారి నాలుగు చక్రాల బండి కొంటాడు. అతనికి అది ఉద్యోగం. కిరాయి ఎంత, డీజిల్ ఎంత, నెల వాయిదా ఎంత, ఇవే లెక్కలు, అందంతో పనిలేదు. థాయ్‌లాండ్‌లో టయోటా 2023 నవంబరులో తెచ్చిన హైలక్స్ చాంప్ కూడా అలాంటి కొనుగోలుదారుడి కోసమే. వచ్చినప్పుడు 4,59,000 బాత్‌ల నుంచి ధర, వెనక చదునైన బల్ల, దానికి రంధ్రాలు, కూరగాయల బండి చేసుకుంటావో టీ కొట్టు చేసుకుంటావో నీ ఇష్టం.

ఇక్కడ అలాంటివాడు కొత్త బండి కొనడు. గడ్డి కోసేవాడు, గోడకి రంగులేసేవాడు, ప్లంబరు, వీళ్లు పాతది కొంటారు. ఈ దేశంలో రోడ్డు మీద తిరిగే బండి సగటు వయసు పన్నెండున్నరేళ్లు దాటింది, కొత్త బండి సగటు ధర 2025 సెప్టెంబరులో 50 వేల డాలర్లు దాటింది. కంపెనీ బండి చేసేది ఆ 50 వేలు పెట్టగలిగేవాడి కోసం. పన్నెండేళ్ల తర్వాత అదే ప్లంబరు చేతికి వస్తుంది. అతను పాత రేంజరే కావాలంటాడు, కానీ పన్నెండేళ్ల కిందట కొత్తది కొన్నవాడు రేంజర్ అడగలేదు కాబట్టి అతనికీ దొరకదు. తన దగ్గర కొత్త బండి కొననివాడి మాట ఏ కంపెనీ వింటుంది చెప్పండి?

ప్రశ్నలా? అడగండి.

(మహీంద్రా పికప్ అమెరికాకి వస్తుందన్నారు, ఏమైందని ఒకరు అడిగారు.) వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. చిన్న డీజిల్ పికప్ తెస్తామని డీలర్ల దగ్గర డబ్బు కూడా కట్టించుకున్నారు, తేదీలు జరుగుతూ పోయాయి, 2010లో పర్యావరణ శాఖ సర్టిఫికెట్ కూడా వచ్చింది. అప్పటికి ఇక్కడ అమ్మాల్సిన సంస్థకీ వాళ్లకీ చెడి కోర్టుకెక్కారు. పైగా మైలేజీ 20 మైళ్ల దగ్గరే తేలింది, ముందు ఊరించింది ముప్ఫై. మనది అన్న అభిమానం నాకూ ఉంది, కానీ ఆ మైలేజీతో నడిచేది కాదు.

(ఫోర్డ్ కొత్తగా 30 వేల ఎలక్ట్రిక్ పికప్ అంటోంది కదా అని ఇంకొకరు.) 2027లో అన్నారు, కెంటకీలోని లూయివిల్‌లో చేస్తామన్నారు. 30 వేలంటే చవక అనుకునే రోజులొచ్చాయి చూడండి. మావెరిక్ ధర ఎన్నాళ్లు నిలబడిందో చూశాం, అందుకే మొదటి ఏడాది ధర చూసి సంబరపడను. మూడో ఏడాది ధర చెప్పండి, అప్పుడు మాట్లాడతాను.

(స్లేట్‌కి యాభై డాలర్లు కట్టమంటారా?) కట్టండి, పోయేదేముంది. కానీ ఇంట్లో ఉన్న పాత కారు మాత్రం ఇప్పుడే అమ్మేయకండి.